బోణీకి మంచి పైపు

మంగళవారం మధ్యాహ్నం మా ఆయన నేను పెట్టబోయిన అన్నం ముద్దను మోచేత్తో పక్కకు నెట్టి, "వద్దు మేడం" అన్నారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నన్ను ఏమే అన్నారు, ఓయ్ అన్నారు, ఒళ్ళు మండితే నీ యవ్వ అని కూడా అన్నారు. మేడం అనడం మాత్రం అదే మొదటిసారి. ఆ పూటతో ఆయన తినడం మానేశారు.

శనివారానికి లుంగీ నడుమున నిలవడం లేదు. ఆటోలో పంజాగుట్ట నర్సింగ్ హోముకు తీసుకెళ్ళాను. సెలైను ఎక్కించి, బరువు చూసి, డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఈ మతిమరుపు జబ్బు ముదిరితే ఇలాగే అవుతుందట, ఆకలి ఉన్నా తినాలని తోచదట. "బుధవారం సాయంత్రం దాకా చూద్దామండీ. అప్పటికీ తినకపోతే ముక్కులోంచి ట్యూబ్ వేయాల్సిందే," అంది. పీకేసుకుంటే ఏం చేస్తారని అడిగాను. "చేతులు మంచానికి కట్టాల్సి వస్తుంది," అంది, చీటీ రాస్తూనే.

నాకు ట్యూబు కంటే ఆ రెండో మాటకే ఎక్కువ భయం వేసింది. మా ఆయన బతుకంతా ఆ చేతుల్లోనే ఉంది.

ఆయన పంజాగుట్టలో ఒక కొట్లో కౌంటరు మీద పనిచేశారు. చేతికర్రలు, పెన్నులు, లైటర్లు, పైపులు అమ్మే కొట్టు. పెళ్ళిమాటలప్పుడు పిల్లవాడు పైపుల షాపులో చేస్తాడంటే ఖమ్మంలో మా నాన్న నీళ్ళ పైపులనుకుని, నగరంలో ఇళ్ళకు కొదవా అని సంబరపడి ఒప్పుకున్నాడు. తీరా వచ్చి చూస్తే పొగాకు దట్టించి తాగే పైపులు. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పనిచేసే మా మామగారు మాత్రం కొడుకు తెల్ల చొక్కా వేసుకుని చేసే పని అని మహా గొప్పగా చెప్పుకునేవారు.

ఖరీదైన పైపులకు మా ఆయనతో పని లేదు. వాటి పెట్టెలో వాటి గొప్ప రాసే ఉంటుంది. చవకవి డజన్ల లెక్కన న్యూస్‌పేపర్లో చుట్టి వచ్చేవి. ఎర్రమంజిల్ ఆఫీసుల్లో ఇంజినీర్లు, రిటైరైన మాస్టార్లు కొనేది అవే. బ్రయర్ అంటే ఎక్కడో మధ్యధరా సముద్రం ఒడ్డున పెరిగే పొద. దాని వేరు దగ్గర ఊరే గడ్డను ఉడకబెట్టి, ఎండబెట్టి, తొలిచి పైపు చేస్తారు. నిప్పుకు త్వరగా కాలదు. అయితే ఆ గడ్డలో ఎక్కడో ఒక గుంటో ఇసుక రవ్వో లేకుండా ఉండదు. గుంటలున్న ముక్కలన్నీ చవక పైపులకు వస్తాయి. గుంటల్లో లప్పం పెట్టి, రంగు పూసి, వార్నీషు కొట్టి పంపిస్తారు. పైన పటారం, లోన లొటారం. ఆ లొటారం ఎక్కడుందో పట్టుకోవడమే మా ఆయన పని.

రాత్రిళ్ళు అన్నం తింటూ ఆ సంగతులన్నీ చెప్పేవారు. నేను వింటే కదా! అమీర్‌పేటలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రోజుకు ఆరు బ్యాచీలు చెప్పి, గొంతు పోగొట్టుకుని వచ్చేదాన్ని. నేను పదిమందికి బతుకుతెరువు నేర్పుతున్నాను, ఈయన పొగ గొట్టాలు తుడుస్తున్నాడని లోపల చిన్నచూపు. పోనీ తాను తాగుతారా అంటే అదీ లేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ అని ఎగతాళి చేసేదాన్ని. ఆయనకు కోపం రాదు, అదో రోగం. "చవక మాల్‌ల తప్పులు లేకుంట ఉండయే. ఏ తప్పుతోని బతకొచ్చు, ఏ తప్పుతోని బతకలేం, గది తెల్వాలె," అనేవారు. నన్ను ఉద్దేశించే అన్నారేమోనని ఒక పూట అలిగి పడుకున్నాను.

ఐదేళ్ళ కింద ఆ కొట్టు ఎత్తేశారు. ఇప్పుడక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. చివరి రోజున ఆయన అమ్ముడుపోని పైపులు ఒక సంచీ నిండా ఇంటికి తెచ్చుకున్నారు. వారం తిరక్కుండా ఇల్లంతా చుట్టకంపు అని నేనే వాటిని తీసుకెళ్ళి, శ్రీనగర్ కాలనీలో సినిమా షూటింగులకు సామాన్లు అద్దెకిచ్చే ఆయనకు ఊరికే ఇచ్చేసి వచ్చాను. మా ఆయన సంచీ ఏదని కూడా అడగలేదు. ఆ మరుసటి ఏడాది నుంచి మతిమరుపు మొదలైంది. దీనికీ దానికీ సంబంధం లేదని డాక్టరమ్మ నాలుగుసార్లు చెప్పింది. నేను నాలుగుసార్లూ తలూపాను.

ఆదివారం పొద్దున కిందికి దిగాను. మెత్తటిదైతే నోట్లో వేసుకుంటారేమోనన్న ఆశతో అమీర్‌పేట మెట్రో మెట్ల పక్కన బొప్పాయి పండ్లు అమ్మే ఆమె దగ్గరికి వెళ్ళాను. నా మనసు మనసులో లేదు. ఇంట్లో ఆయన తెల్లారేసరికి లేచి, గడ్డం గీయమని చెంపలు చూపించి, చొక్కా గుండీలు గొంతు దాకా పెట్టించుకుని, మంచం ముందు చిన్న బల్ల దగ్గర కూర్చున్నారు. కండువాతో బల్ల తుడిచిందే తుడుస్తారు. తలుపు వైపు చూస్తారు. నీళ్ళ సీసా అందిస్తే తాగుతారు, అందుకే అందులో గ్లూకోజు కలిపి పెడుతున్నాను. కంచం పెడితే మాత్రం నెట్టేస్తారు. ఐదు రోజులుగా ఇదే వరస.

బొప్పాయి అమ్మే ఆమె పక్కన గ్లాసులో చాయ్ మీగడ కట్టి ఉంది. "చల్లారిపోతోంది కదమ్మా, తాగకూడదూ?" అన్నాను, ఏదో అనాలి కాబట్టి.

"బోణీ గాలె అక్కా. పొద్దుగాల్నుంచి ఒక్క గిరాకీ రాలె. బోణీ గాకుంట నోట్ల ఎట్ల పోసుకుంట?" అంది.

నేను బొప్పాయి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా ఆయన కొట్టు తెరిచాక మొదటి బేరం అయ్యేదాకా నీళ్ళు తప్ప ఏదీ ముట్టేవారు కాదు. ఒక్కోరోజు బేరం సాయంత్రం దాకా తగలక, కట్టిచ్చిన క్యారియర్ అలాగే తిరిగి వచ్చేది. నా వంట బాగాలేదా అని నేను యుద్ధం చేసేదాన్ని. ఈ మనిషి తిండి మానేయలేదు. బోణీ కోసం కూర్చున్నాడు.

"నీకు బోణీ నేను చేస్తా తల్లీ," అని ఆమె అడిగినంతా చేతిలో పెట్టి, పండు సంచీలో వేసుకుని, ఆయాసం లెక్కచేయకుండా రెండంతస్తులూ ఎక్కాను.

గదిలోకి వెళ్ళే ముందు ఆగాను. చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుని, చెప్పులు విప్పకుండా, సొంత ఇంట్లో సొంత పడకగది తలుపు తట్టాను. నా వయసుకు ఈ వేషాలేంటని నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు. నెల రోజులుగా నడుం నిలవని మనిషి నిటారుగా నిలబడ్డారు.

"రండి మేడం, కూసోండ్రి. ఏం చూపియ్యమంటరు?"

"పైపు కావాలండీ. మా ఆయనకి."

ఆయన సంతోషంగా వెనక్కి తిరిగారు. వెనక ఉన్నది మా బట్టల బీరువా. తలుపు తీసి ఒక దుప్పటి జరిపారు, ఇంకోటి జరిపారు, మందుల డబ్బా మూత తీసి చూశారు. అన్నీ మళ్ళీ సర్ది తలుపు వేసి, నా మొహం చూడలేక బల్ల వైపు చూస్తూ, "మాల్ రాలే మేడం. రేపు రాండ్రి జర," అన్నారు. వచ్చిన గిరాకీని వట్టి చేతుల్తో పంపిన సిగ్గు ఆయన మొహంలో చూశాను. కూర్చుని, కండువా మడిచి మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. నేను కోసిచ్చిన బొప్పాయి ముక్క ముట్టలేదు.

కావలసింది ఏమిటో నాకు తెలిసింది. ఆ మధ్యాహ్నమే కింది హాస్టల్లో వంట చేసే ఆమెను ఆయన దగ్గర కూర్చోబెట్టి, అమీర్‌పేట సందుల్లో పడ్డాను. సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల మధ్య ఒక హుక్కా సామాన్ల దుకాణం ఉంది, లోపలంతా నీలం లైట్లు. కౌంటరు మీద టీషర్టాయన నన్ను ఎగాదిగా చూసి, "అడ్రస్ గలత్ వచ్చిండ్రా ఆంటీ?" అన్నాడు. చవకలో బ్రయర్ పైపులు కావాలంటే అరడజను తీసి పరిచాడు. "ఒరిజినల్ మాల్ ఆంటీ. కళ్ళు మూస్కొని తీస్కపోండ్రి." నేను కళ్ళు తెరుచుకునే తీసుకున్నాను, అదే నా ఖర్మ. బాగా మెరిసేవి, ఎర్రగా, పెళ్ళికూతురి గోళ్ళలా ఉన్నవి ఏరుకున్నాను. దేన్ని చూసి మోసపోకూడదని ముప్పై ఏళ్ళు కంచం ముందు విన్నానో సరిగ్గా దాన్నే చూసి మోసపోయాను.

సోమవారం పొద్దున ఒక్కో పైపునూ న్యూస్‌పేపర్లో చుట్టి, పార్శిల్ వచ్చినట్టు బల్ల మీద పెట్టి, గుమ్మంలో నిలబడ్డాను. ఆయన కళ్ళు వెలిగాయి. కండువా పరిచి, కాగితాలు చింపకుండా విప్పి, మడిచి పక్కన పెట్టారు. మొదటిది కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టి, బొటనవేలు మెల్లగా దాని మీద నడిపించారు. వేలు ఒకచోట ఆగింది. అక్కడ కట్టె గీతలు మాయమై నున్నగా, మొద్దుగా ఒక మచ్చ ఉంది. కండువా కొస నీళ్ళతో తడిపి రుద్దితే ఎర్రరంగు ఊడొచ్చింది. దాన్ని ఎడమ పక్కన పెట్టారు.

రెండోది పైనుంచి, పొగాకు దట్టించే గిన్నెలోకి చూశారు. ఒక గోడ మందం, ఒక గోడ పలచన. "గీ పక్క ఆర్నెల్లకు కాలిపోతది," అన్నారు, ఎవరితోనో. మూడోది నోటి గొట్టాన్ని గుంజకుండా, మెల్లగా తిప్పి ఊడదీసి, మళ్ళీ పెట్టి, అతుకు దగ్గర సందును వెలుతురుకు చూశారు. వెలుతురు కనిపించింది. నాలుగో దానికి ఏదో కావాలని చుట్టూ వెతికి, తలుపు మూల చీపురులోంచి ఒక పుల్ల విరుచుకుని గొట్టంలోంచి పోనిచ్చారు. పుల్ల గిన్నె అడుగుకు రాలేదు, అర అంగుళం పైన తేలింది. "అడుగున తడి నిలుస్తది. కంపు గొడ్తది." ఐదోది అరచేతిలో ఎగరేసి చూసి, పచ్చి కట్టె బరువని పక్కన పెట్టారు. ఆరోదాని లోపలి నల్లరంగు గోటితో గీకితే పెచ్చు లేచి, కింద తెల్లటి కట్టె బయటపడింది. "గిది బ్రయరే గాదు," అన్నారు.

ఆరూ ఎడమ పక్కకే వెళ్ళాయి. కుడి పక్కన కండువా ఖాళీ.

బ్యాగు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళి, ఆరోదాన్ని చూపించి, "ఇది నాకు నచ్చిందండీ, ఇవ్వండి," అన్నాను.

"వద్దు మేడం."

"మా ఆయనకి ఇదే ఇష్టం. డబ్బులిస్తున్నా కదా."

"మీకు తెల్వక అడుగుతున్నరు. ఖోటా మాల్‌తోని బోణీ జెయ్య. ఎన్నడు జెయ్యలే."

ఒక్కరోజు, ఒక్క పైపు విషయంలో అబద్ధమాడితే ఈ మనిషి బతుకుతాడు. ఆడడు. నాకు కోపం ఆగలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి, వయసు మీద పడ్డా పోలేదు. "ఇస్తావా చస్తావా? నీ నిజాయితీ కాలిపోనూ!" అని అరిచి బల్ల మీద గట్టిగా కొట్టాను. పైపులు ఎగిరి కిందపడ్డాయి. ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయారు. కొడతాననుకున్నారు. జీవితంలో చీమకు హాని తలపెట్టని మనిషి, నేను కొడతానని చేతులు అడ్డం పెట్టుకున్నారు.

వంటింట్లోకి వెళ్ళి గట్టు మీద తల పెట్టి ఏడ్చాను. ఆ అరుపుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. క్షమించమని అడగడానికైనా ఆయనకు అది గుర్తుండదు. ఆ పూట ఆయన నీళ్ళ సీసా కూడా దూరం జరిపారు. బుధవారం రావడానికి ఇంకా ఒక్క పొద్దే ఉంది. పొద్దున తప్ప ఆయనకు బల్ల దగ్గర కూర్చునే ఓపిక ఉండడం లేదు.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా నేల మీద పడ్డ ఆరు పైపుల్నీ ఏరుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆయన చేసినట్టే చేశాను. ఏటవాలుగా పట్టాను, వేలు నడిపించాను. మొదట నాకేమీ తగల్లేదు. కళ్ళు మూసుకుని మళ్ళీ నడిపిస్తే తగిలింది. కట్టె మీద వేలు కాస్త పట్టి జారుతుంది, లప్పం మీద ఊరికే జారిపోతుంది. చీపురు పుల్ల పోనిచ్చాను. గోడలు చూశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఆయన తెలివిగా ఉన్నప్పుడు ఒక్కరోజు కూర్చుని అడిగి ఉంటే ఎంత పొంగిపోయి చెప్పేవారు!

మంగళవారం మళ్ళీ వంటామెను ఆయన దగ్గర ఉంచి శ్రీనగర్ కాలనీ వెళ్ళాను. షూటింగు సామాన్ల ఆయన గోదాములో సింహాసనాలు, అట్ట కత్తులు, డయల్ ఫోన్ల మధ్య పడక్కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నేనిచ్చిన సంచీ గురించి అడిగితే నవ్వాడు.

"గవి ఎప్పుడో పోయినయమ్మా. విలన్లు కొరికి కొరికి పాడు జేసిర్రు. మిగిలినయి గా బుట్టల ఉన్నయి, గంతే. చూస్కోండ్రి."

బుట్టను షట్టరు దగ్గర ఎండలోకి లాక్కుని నేల మీద చతికిలబడ్డాను. బ్యాగులోంచి చీపురు పుల్ల తీశాను. సగానికి సగం పైపులే కావు, జమీందారు వేషాలకు చేసిన ఉత్త కట్టెలు. మిగిలినవాటిని ఒక్కొక్కటే పట్టి చూశాను. లప్పం. లప్పం. పగులు. వంకర గోడ. ఒకదాంట్లో పుల్ల లోపలికే పోలేదు. ఆయన పడక్కుర్చీలోంచి చూస్తూ, "ఏందమ్మా, డాక్టర్ లెక్క చూస్తున్నరు?" అన్నాడు. నేను ఇంకో పైపు చేతిలోకి తీసుకున్నాను. జవాబిస్తే ఏడుపొస్తుంది.

బుట్ట అడుగున ఒకటి దొరికింది. మెరుపు లేదు, అంచు నల్లబడింది, చూడ్డానికి కాలిన వంకాయ. అరచేతిలో పెడితే బరువే లేదు. గోడలు రెండూ సమానం. గొట్టం అతుకులో వెలుతురు లేదు. పుల్ల తిన్నగా గిన్నె అడుగుకు వచ్చి ఆగింది. వేలు నడిపించాను. కాడ దగ్గర, ఆవగింజంత చోట, వేలు జారింది.

ఒక్క మచ్చ. నిప్పు తగలని చోట, చిన్న లప్పం చుక్క. ఈ తప్పుతో బతకొచ్చా, బతకలేమా? ఆ ఒక్కటి నాకు తెలియదు. అడగాల్సిన మనిషేమో నన్ను మేడం అంటున్నాడు. అంతకంటే మంచిది బుట్టలో లేదు.

"గంత మంచియి ఉండంగ గా మాడిపోయినదా?" అన్నాడు ఆయన. డబ్బులు వద్దన్నాడు. షూటింగు పడితే మాత్రం వాపస్ ఇవ్వాలన్నాడు. అక్కడే చేతులెత్తి దణ్ణం పెట్టాను, ఆయన కంగారుపడి లేచి నిలబడ్డాడు.

బుధవారం పొద్దున మెరిసే ఆరింటితో పాటు దాన్నీ కాగితంలో చుట్టి పెట్టాను. ఎనిమిది రోజులుగా తిండి లేని మనిషి. విప్పడానికే చాలా సేపు పట్టింది. ఆరూ ఎడమ పక్కకు పోయాయి, ఏడోది విప్పారు. ఏటవాలుగా పట్టారు. పుల్ల పోనిచ్చారు. గోడలు చూశారు. వేలు నడిపించి, కాడ దగ్గర ఆగారు. ఆగి, అక్కడే రెండోసారి నడిపించారు. నేను గుమ్మం పట్టుకుని, ఉన్న దేవుళ్ళందరినీ తలుచుకున్నాను. ఆయన ఆ పైపును బల్ల మధ్యలో పెట్టారు, ఎడమకూ కాదు, కుడికీ కాదు. కాసేపు చూస్తూ కూర్చున్నారు. తర్వాత కండువా కొసతో తుడిచి, కుడి పక్కకు జరిపారు.

నేను తలుపు తట్టాను.

"రండి మేడం. మాల్ వచ్చింది," అన్నారు. పైపును రెండు చేతులతో అందించారు. "చవకదే. పైన మెరుపు చూడకుండ్రి. లోపల సాఫ్ ఉన్నది." నేను అందుకోబోతే ఆపి, కాడ దగ్గర వేలు పెట్టి చూపించారు. "గీడ జర లప్పం ఉన్నది, చూడుండ్రి. దాసిపెట్టి అమ్మేది లేదు. నిప్పు గిక్కడిదాకా రాదు, ఫికర్ లేదు. మీ సార్‌కు సుత చెప్పుండ్రి."

"చెప్తానండీ. ఎంత?"

"బోణీ. మీరిచ్చేది ఇయ్యుండ్రి."

పది రూపాయల నోటిచ్చాను. కళ్ళకద్దుకుని, బల్లకు తాకించి, జేబులో పెట్టుకున్నారు. పైపును కాగితంలో చుట్టి ఇచ్చారు. ఇక కూర్చుని, చేతులు తుడుచుకుని, బల్ల కిందికి చూశారు. క్యారియర్ కోసం. నాకు పట్టరాని సంతోషం వచ్చింది. పరుగున పప్పన్నం కలిపి తెచ్చి, పక్కన కూర్చుని, ముద్ద నోటి దగ్గర పెట్టాను. ఆయన మొహం తిప్పేసుకున్నారు.

"మీరెందుకు మేడం! మా ఇంటామె కట్టి పంపిస్తది," అన్నారు, నొచ్చుకుంటూ.

నేనేనండీ ఆ ఇంటామెను అని నోటిదాకా వచ్చింది. అన్నానంటే ఏమవుతుందో తెలుసు. ముద్దను కంచంలో వదిలేసి, వంటింట్లోకి వెళ్ళి, అటక మీది స్టీలు క్యారియర్ దించి, కడిగి, అదే అన్నం అందులో సర్ది, మూత పెట్టి తెచ్చాను. "మీ ఇంటి నుంచి పంపించారండీ," అని బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. తలుపు సందులోంచి చూశాను. ఆయన మూత తీశారు. వాసన చూశారు. తిన్నారు. నాలుగు ముద్దలు, ఐదో దాంట్లో సగం. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

సాయంత్రం డాక్టరమ్మ ట్యూబు సంగతి వాయిదా వేసింది. చేతులు కట్టే మాట ఇక ఎత్తలేదు.

ఆ తర్వాత రోజూ ఇంతే. మంచి పైపు ఒక్కటే ఉంది కాబట్టి ఆయన నిద్రపోయాక దాన్ని మళ్ళీ ఆ ఆరింటిలో కలిపేస్తాను. అమ్మిన వస్తువు బోణీకి ముందు వాపస్ రావడం అరిష్టం, అందుకే తిరిగి ఇస్తున్నానని చెప్పను. పొద్దున ఆయన కొత్తగా పరీక్ష చేస్తారు, కొత్తగా లప్పం చూపిస్తారు, నేను కొత్తగా కొంటాను. శ్రీనగర్ కాలనీ నుంచి ఫోన్ వచ్చిందేమోనని రోజూ భయపడుతూ చూసుకుంటాను. ఇంట్లో నేను నా మొగుడికి గిరాకీని. భార్యగా పక్కకు వెళ్తే తినరు. ఈ బేరం నేనే కుదుర్చుకున్నాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు.

మొన్న నోటు కళ్ళకద్దుకున్నాక, పైపు చుడుతూ చుడుతూ ఆగి నా వంక చూశారు. గుర్తుపట్టారేమో అనుకున్నాను.

"మీరు మస్తు దినాల్నుంచి వస్తున్నరు గద మేడం. మీ సార్ మంచిగున్నరా?"

"బాగాలేదండీ. జబ్బు చేసింది."

"అయ్యో. అన్నం తింటున్నరా?"

"ఇప్పుడిప్పుడే నాలుగు ముద్దలు తింటున్నారు."

ఆయన తలూపి, కాగితం మడత గోటితో నొక్కి, పొట్లం నా చేతిలో పెట్టారు. "పక్కన కూసోని తినిపియ్యుండ్రి మేడం. ఒక్కనికే తినబుద్ధి గాదు," అన్నారు.

సరేనండీ అన్నాను. క్యారియర్ బల్ల మీద పెట్టి, బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, ఆ గుమ్మం పక్కనే కూర్చున్నాను. లోపల మూత తీసిన చప్పుడు అయింది.